అడుగుమాడు ఎవరి పళ్ళెంలో

చనికాలో తక్కువ డబ్బుకి కడుపునిండా ఎక్కడ తినొచ్చని అడిగితే ఎవరూ హోటలు పేరు చెప్పరు. "షొమారి మేస్త్రీని అడగండి" అంటారు. టాంజానియాలోని దార్ ఎస్ సలాం నగరం సముద్రం ఒడ్డున మొదలై, విమానాశ్రయం దాటి, పుగు గుట్టలెక్కి దిగి, ఇక నావల్ల కాదని కాళ్ళు చాపుకున్న చోటు చనికా. ఇక్కడ ముందు ఇళ్ళు లేస్తాయి, కరెంటు ఆ తరవాత వస్తుంది, నీళ్ళు ఎప్పుడో వస్తాయి. తిండి దొరికే చోటు మాత్రం ఎవరో ఒకరు వెతికిపెట్టాలి. ఆ పని షొమారి ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. దానికి జీతం లేదు, పేరుంది.

జీతం వచ్చే పని గోడలకి సిమెంటు పూత వెయ్యడం. ఆయన పూత వేసిన గోడ మీద ఈగ వాలితే జారిపోతుందని చెప్పుకుంటారు. కొత్త పేటలో పని దొరికితే మొదటిరోజు మధ్యాహ్నం మేస్త్రీ గోడ దగ్గర కనపడడు. తాపీ కడిగి, గోనెగుడ్డలో చుట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. బైకు టాక్సీ కుర్రాళ్ళు బళ్ళు ఏ నీడలో ఆపారో చూస్తాడు. పైసా విలువా, ఊరి సందులూ వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోసే చోటికి వెళ్ళి తొంగి చూస్తాడు. అందులో మెతుకులు మరీ ఎక్కువుంటే జనం పళ్ళేల్లో వదిలేస్తున్నారన్నమాట. గోడ మీద రంగుల్లో చేప బొమ్మ వేయించిన చోట అడుగు పెట్టడు. ఆ రంగు ఖరీదు మన పళ్ళెంలోంచే లాగుతారని ఆయన నమ్మకం. ఇవన్నీ కుదిరాక కూడా వెంటనే కూర్చోడు. వండే మనిషి తన వంట తనే తింటుందా, పక్కింటి నుంచి తెప్పించుకుంటుందా అన్నది కనిపెట్టేదాకా ఏదో వంకతో అక్కడే తచ్చాడతాడు. నాలుగు రేవులు తిరిగి, తెలియని ఊళ్ళో ఆకలితో దిగినవాడెవడైనా ఈ పరీక్షలు విని తల ఊపుతాడు.

అడిగినవాళ్ళకి లేదనకుండా చెప్పేవాడు. "బస్సుస్టాండు వెనక కుంటుతూ నడిచే ఆవిడ దగ్గర చిక్కుళ్ళు బాగుంటాయి, చేప జోలికి మాత్రం పోకు." "పిండిమర పక్కన మొక్కజొన్న ముద్ద ఇంత పెడతారు, తోటకూర రెండోసారి అడుగు, కాదనరు." ఒక్క చోటు మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. అక్కడికి తనే నేరుగా వెళ్ళేవాడు కాదు. జీడిమామిడి తోట చుట్టూ తిరిగి, మసీదుకి పోతున్నవాడిలా తల వంచుకుని నడిచి, చటుక్కున పక్క సందులోకి మళ్ళేవాడు. ఆ సందు చివర ఒక పనసచెట్టు, నాలుగు కర్రల మీద రేకు, రెండు బల్లలు. అది సివేమా వాళ్ళమ్మ వండే చోటు.

పదకొండేళ్ళ కిందట, భార్య చౌసికు పోయిన రెండు నెలలకి, షొమారి రోడ్డుపక్కన నిలబడి కాల్చిన కర్రపెండలం తింటూ రోజులు నెడుతున్నాడు. ఒక మధ్యాహ్నం గాలిలో కొబ్బరిపాల అన్నం అడుగంటుతున్న వాసన వచ్చింది. వాసన పట్టుకుని సందులో పడి వెళ్తే, పనసచెట్టు కింద ఒకావిడ పెద్ద అల్యూమినియం గిన్నె ముందు కూర్చుని ముక్కు చీదుకుంటూ కనిపించింది. మొగుడు జీడిపప్పు వ్యాపారమంటూ దక్షిణానికి పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. కూతురు సివేమా ఇంకా బడిలో ఉంది. ఆ రోజే మొదటిసారి అమ్మకానికి వండింది. బొగ్గులు ఎక్కువై అన్నం అంటుకుపోయింది.

"ఇవాళ లేదన్నా. మాడిపోయింది. వేరే చోట చూసుకోండి" అంది, తలెత్తకుండా.

"మాడిందే పెట్టమ్మా."

"ఇది కోళ్ళకి."

"కోళ్ళు రేపు తింటాయిలే."

ఆమె గరిటె తిరగేసి గీకింది. అడుగు మొత్తం ఒకే చక్రంలా, కొత్త పెంకు రంగులో లేచి వచ్చింది. షొమారి అక్కడున్న ఖాళీ పెయింటు బకెట్టు బోర్లించి కూర్చుని, ఆ చక్రాన్ని విరిచి, చిక్కుళ్ళ రసంలో ముంచి నమిలాడు. చౌసికు ఉన్నప్పుడు పిల్లలకి దొరక్కుండా దాచి పెట్టేది ఈ మాడే. చక్రమంతా ఖాళీ చేశాడు. లేచి వెళ్తూ, "రేపూ కాస్త అంటనియ్యి" అన్నాడు.

అప్పటినుంచి ఆమె అంటనిస్తూనే ఉంది. అన్నం అయిపోవచ్చే వేళకి, మధ్యాహ్నం రెండు దాటాక, గిన్నె పక్కకి వంచి గరిటె పెడుతుంది. ఆ కరకర చప్పుడుకి తినేవాళ్ళందరూ ఒక్క క్షణం నమలడం ఆపుతారు. అన్నం తినే జాతులన్నిటిలోనూ ఈ అడుగు దగ్గర తగువులున్నాయి. ఎక్కడ చూసినా అది ఒక్కరికి ఎక్కువ, అందరికీ తక్కువ. ఇక్కడ తగువు లేదు. చక్రం నేరుగా బకెట్టు మీద కూర్చున్న మనిషి పళ్ళెంలోకి వెళ్ళేది. అడగడం లేదు, ఇవ్వడం లేదు, పొద్దు పడమటికి వాలినట్టు అది అటు వాలేది.

రహస్యం ఎన్నాళ్ళు దాగుతుంది? ఆ చోటు నెమ్మదిగా పదిమందికీ తెలిసింది. పరంజాల మీద షొమారితో కలిసి పనిచేసే మ్రిషో అందరికంటే ముందు వచ్చాడు. మ్రిషో నోరు ఊరుకునేది కాదు. మాడు తిన్నవాడి పెళ్ళిలో వాన కురుస్తుందని ఇక్కడ పిల్లల్ని బెదిరిస్తారు. మ్రిషో అదే పట్టుకున్నాడు.

"మేస్త్రీ, ఇన్నేళ్ళుగా తింటున్నావు. నీ పెళ్ళిరోజుకి పడవలు మాట్లాడుకోవాలి మేము."

"తిను, తిని లే."

"సివేమా వాళ్ళమ్మా, నువ్వైనా చెప్పు. పందిరి వెయ్యాలా, గొడుగులు పంచాలా?"

ఆమె నవ్వి గరిటెతో బొగ్గులు ఎగదోసేది. షొమారి మొహం చిట్లించేవాడు. చిట్లించడం పైకి మాత్రమే. ఆ ఎగతాళి లేని రోజున అన్నం చప్పగా ఉండేది.

ఇంత చక్కగా సాగుతున్న బతుకులోకి కోండోని తెచ్చినవాడు షొమారే.

పెండాయేలి అనే రిటైరైన టీచరమ్మ రెండంతస్తుల ఇల్లు కట్టిస్తోంది. షొమారి పూత వేస్తున్నాడు, కోండో కరెంటు వైర్లు లాగుతున్నాడు. వైర్ల పని ముందు, పూత పని తరవాత జరగాలి. టీచరమ్మకి వైర్ల డబ్బు ఆలస్యంగా అందింది కాబట్టి ఇక్కడ తలకిందులైంది. షొమారి అద్దంలా చేసిన గోడని మర్నాడు కోండో ఉలితో గాడి కొట్టేవాడు. అక్కడే కడుపు మండి ఉండాల్సింది. కానీ కోండో నలభై ఏళ్ళవాడు, మంచి నవ్వుమొహం, గాడి కొట్టే ముందు గోడని ఒకసారి చేత్తో నిమిరి, "క్షమించు మామా, ఇంత నున్నటి గోడని కొట్టాలంటే చెయ్యి రావడం లేదు" అనేవాడు. ఆ మాటకి ముసలాడు పడిపోయాడు. ఒక వానరోజు కోండో ఖాళీ కడుపుతో నిచ్చెన మీద తూలడం చూసి, "దిగు. నా వెంట రా. నోరు మూసుకుని రా" అని పనసచెట్టు కిందికి తీసుకెళ్ళాడు.

"అక్కా, షికమో" అన్నాడు కోండో, పెద్దవాళ్ళకి పెట్టే దండం పెడుతూ.

"మరహబా. అదేంటి, నేనంత ముసలిదానిలా కనిపిస్తున్నానా?"

"వాసన చూసి పెట్టానక్కా, మొహం ఇంకా చూళ్ళేదు."

ఆమె పకపకా నవ్వింది. పదకొండేళ్ళలో షొమారి ఆమెని నవ్వించినవి, మ్రిషో ఎగతాళివి తీసేస్తే, వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ సంగతి ఆయనకి ఆ క్షణంలోనే తోచింది. తోచి, నెత్తళ్ళ ముల్లులా ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

రంజాను వెళ్ళిన రెండో వారం ఒక బుధవారం, గిన్నె వంగింది, గరిటె గీకింది. మాడు లేచింది. షొమారి ఎప్పటిలాగే పళ్ళెం కొంచెం ముందుకి జరిపాడు. చక్రం ఆయన తలమీదుగా వెళ్ళి కోండో పళ్ళెంలో పడింది.

బల్ల దగ్గర తలలన్నీ ఆ పళ్ళెం వైపు తిరిగాయి. మ్రిషోది కూడా.

"నాకా అక్కా?" అన్నాడు కోండో.

"తిను నాయనా, నిచ్చెనలెక్కే మనిషివి." షొమారి పళ్ళెంలో ఆమె గిన్నె నడిమి నుంచి తీసిన మెత్తటి అన్నం ఇంకో గరిటెడు వేసింది, దాని మీద కొబ్బరి రసం. "మీరు ఇది తినండి మేస్త్రీ."

జ్వరం మనిషికి పెట్టినట్టు పెట్టింది, అనుకున్నాడు షొమారి. ఆయన ముందర కోండో చక్రాన్ని విరిచాడు. ఆ విరిగిన చప్పుడు చనికా అంతా వినపడినట్టుంది. చివరికి మ్రిషో ఊరుకోలేకపోయాడు.

"అయితే గొడుగులు నీ పెళ్ళికి తెచ్చుకోవాలన్నమాట, కోండో!"

అందరూ నవ్వారు. సివేమా వాళ్ళమ్మ కూడా నవ్వింది. ఏ నవ్వైతే తనదని షొమారి ఇన్నేళ్ళూ మొహం చిట్లిస్తూ దాచుకున్నాడో, అది ఇంకొకడికి పోయింది.

అసూయ మీద పెద్ద పెద్ద గ్రంథాలున్నాయి. వాటిల్లో రాజ్యాలు పోతాయి, రాణులు చస్తారు, కత్తులు లేస్తాయి. అరవై ఏళ్ళ మనిషి మెత్తటి అన్నం ముందు కూర్చుని పక్కవాడి పళ్ళెంలోని కరకరలు లెక్కపెట్టడం వాటిల్లో ఎక్కడా కనిపించదు. కత్తి లేసిన చోట కథ ఒక రోజులో తేలిపోతుంది. ఇది రోజూ మధ్యాహ్నం రెండింటికి మొదలౌతుంది.

మర్నాడు మాడు మళ్ళీ కోండోకే వెళ్ళింది. ఆ మర్నాడూ అంతే. షొమారికి నడిమి అన్నమే. ఆయన ప్రతిదీ చూడడం మొదలుపెట్టాడు. చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు పోసేటప్పుడు ఆమె కోండోకి ఎంతసేపు పోస్తోంది? తనకి ఎంతసేపు? నిమ్మచెక్క వాడికి పెద్దది వచ్చిందా? ఒకరోజు ఆయన రాగానే బకెట్టు మీద కోండో కూర్చుని ఉన్నాడు. "రా మామా, నీకోసమే వెచ్చబెడుతున్నా" అని లేచాడు. వెచ్చగా ఉన్న ఆ బకెట్టు మీద కూర్చోవడం ఆయనకి నిప్పుల మీద కూర్చున్నట్టైంది.

ఇంట్లో పడుకుని కారణాలు వెతికేవాడు. ఆ షికమో వల్లా? నిచ్చెన వల్లా? వాడి పెళ్ళాం రెండేళ్ళ కిందట వదిలిపోయిందని వాడే చెప్పాడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తను మాత్రం పదకొండేళ్ళలో ఏం చెప్పుకున్నాడు? రంజానుకి ముందు దవడ పళ్ళు రెండు పీకించుకున్నాడు, ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. ముసలాడైపోయాడంటారని మీసం కింద నోరు తక్కువ తెరిచి మాట్లాడడం నేర్చుకున్నాడు. పీకించుకున్నాక కూడా మాడు మానలేదు. బుగ్గలో పెట్టుకుని నానబెట్టి, మరీ గట్టిముక్కలుంటే బకెట్టు చాటున కోళ్ళకి జారవిడిచి, పూర్తిగా తిన్నవాడిలా పళ్ళెం ఖాళీ చేసి ఇచ్చేవాడు. అంత కష్టపడి తిన్నది కూడా లాక్కుంటే మనిషికి ఏం మిగులుతుంది?

శనివారం పరంజా మీద నిలబడి ప్రకటించాడు. "సోమవారం నుంచి మనం వేరే చోట తింటున్నాం. అంతకంటే మంచిది నేను చూశాను."

ఆయన ఇంకా ఏదీ చూడలేదు. ఆదివారమంతా తిరిగాడు. ఇన్నేళ్ళు పోగుచేసుకున్న తెలివంతా ఆ ఒక్కరోజులో ఖర్చుపెట్టాడు. కొత్త మార్కెట్టు దగ్గర ఒకచోట అంతా బాగుంది, కానీ వండే ఆమె తను తినడానికి బంగాళదుంపల వేపుడు తెప్పించుకుంటోంది. ఇంకోచోట బల్లమీద పూలగుడ్డ పరిచారు. గుడ్డ చూడగానే వెనక్కి తిరిగాడు. సాయంత్రానికి ఇటుకల బట్టీ వెనక ఒక మనిషి దొరికాడు. మొక్కజొన్న ముద్ద, చిలగడదుంప ఆకు కూర, పళ్ళెం నిండా పెడుతున్నాడు, ధర సివేమా వాళ్ళమ్మ కంటే తక్కువ. బైకులు నీడలో ఉన్నాయి. కడిగిన నీళ్ళలో మెతుకులు లేవు. లోపమేదీ దొరకలేదు. ఆ లోపం లేకపోవడమే ఆయనకి ఎందుకో నచ్చలేదు.

సోమవారం జట్టంతా వెంట నడిచింది. మేస్త్రీ మాట అంటే ఆ మాత్రం గౌరవం. కోండో కూడా లేచాడు.

"నువ్వెందుకు? నీకక్కడ మాడు ఆరిపోదూ?" అన్నాడు షొమారి.

కోండో ఆగిపోయాడు. "మామా, నేనేమైనా తప్పు చేశానా?"

"నీకేం తప్పుంటుంది. గాడి కొట్టడమే కదా నీ పని."

కోండో పనసచెట్టు వైపు వెళ్ళాడు. మంగళవారం జట్టులో ఇద్దరు తగ్గారు. గురువారానికి మ్రిషో కూడా తల గోక్కున్నాడు.

"తిండి బాగానే ఉంది మేస్త్రీ. కానీ ఆ బట్టీ మనిషి నవ్వడు, తిడితే తిరిగి తిట్టడు. పళ్ళెంతో ఒక్కణ్ణీ కూర్చున్నట్టుంది."

"తిండికి వెళ్తున్నావా, తిరణాలకా?"

"రెండూ ఒకేచోట దొరికే చోటు నువ్వే చూపించావు గదా, మరి."

శుక్రవారం నుంచి షొమారి ఒక్కడే బట్టీ వెనకకి వెళ్ళాడు. చవకైన చోటు కనిపెట్టి, అందరూ వదిలేసి పోగా తను మాత్రం పంతానికి అక్కడ తినే మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు. ఆ మొక్కజొన్న ముద్ద మెత్తగా ఉండేది. దవడకి హాయిగా ఉండేది. ఆ హాయి కూడా కోపం తెప్పించేది.

టీచరమ్మ ఇంటి పై అంతస్తు పరంజా మీదినుంచి, జీడిమామిడి కొమ్మల మధ్యగా, రేకు కప్పు కనిపిస్తుంది. కప్పు కింద కాళ్ళు కనిపిస్తాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి షొమారి తాపీ సిమెంటులో, కళ్ళు రేకు కింద ఉండేవి. కోండో కాళ్ళు ఆయన గుర్తుపట్టేవాడు. ఎర్రటి రబ్బరు చెప్పులు. ఆ చెప్పులు బకెట్టు పక్కన కనిపిస్తే చెయ్యి బరువెక్కేది. బకెట్టుకి అటూ ఇటూ కనిపిస్తే, అంటే వాడు దానిమీదే కూర్చుంటే, చెయ్యి ఆగిపోయేది. ఒకరోజు ఆ చెప్పుల ఎదురుగా ఆమె నడుముకి చుట్టుకునే ఆకుపచ్చ కంగా గుడ్డ అంచు కనిపించింది, చాలాసేపు కదలకుండా. ఏం మాట్లాడుకుంటున్నారో! ఆమె నిలబడి ఇంతసేపు తనతో ఎప్పుడైనా మాట్లాడిందా?

"షొమారి గారూ." మర్నాడు, ఇంకా రెండు కాకముందే, కింద టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుంటోంది. "ముప్ఫై ఏళ్ళు పిల్లలకి గీతలు గీయడం నేర్పాను. ఆ గోడకి కడుపొచ్చింది."

షొమారి మట్టం చూసే కర్రబద్ద ఆనించి చూశాడు. నిజమే. మూడు అడుగుల మేర గోడ ముందుకి ఉబికి ఉంది. నలభై ఏళ్ళ పనిలో ఆయన పూతకీ బద్దకీ మధ్య వెలుతురు కనిపించడం అదే మొదటిసారి. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మొత్తం చెక్కేశాడు. ముద్దలు ముద్దలుగా కింద పడుతుంటే, పక్కగదిలో గాడి కొడుతున్న కోండో వచ్చి, పార తీసుకుని ఎత్తడం మొదలుపెట్టాడు.

"వదిలెయ్. నా చెత్త నేను ఎత్తుకుంటా."

"మామా, అక్క రోజూ అడుగుతోంది."

"ఏమని?"

"నువ్వు ఎక్కడ తింటున్నావని. చెప్పాను. బట్టీ దగ్గరంటే, అక్కడ ఏం పెడతారు, మెత్తగా ఉంటుందా అని అడిగింది."

"నువ్వు తినే మాడు సంగతి చూసుకోమను" అన్నాడు షొమారి. కానీ తాపీ కడిగి గుడ్డలో చుట్టేశాడు.

ఈసారి తోట చుట్టూ తిరగలేదు. మసీదు వైపు చూడలేదు. తిన్నగా సందులోకి నడిచాడు. వెనక ఎర్ర చెప్పులు కాస్త దూరంలో వస్తున్నాయి. బల్లల దగ్గర మ్రిషో, జట్టువాళ్ళూ ఉన్నారు. గిన్నె అప్పుడే వంగుతోంది. బకెట్టు ఖాళీగా, బోర్లించి ఉంది. షొమారి దానిమీద కూర్చోలేదు. పొయ్యి ఎదురుగా నిలబడ్డాడు.

"సివేమా అమ్మా, ఇవాళ మాడు ఎవరిది?"

ఆమె చెయ్యి ఆగింది. "ముందు కూర్చోండి. చేతులు కడుక్కోండి."

"పదకొండేళ్ళు తిన్నాను. ఎవరూ తిననన్నప్పుడు, నువ్వు ఏడుస్తూ కోళ్ళకి వేస్తానన్నప్పుడు తిన్నాను. ఇప్పుడు ఎవరిదో చెప్పు, తిని పోతాను, లేకపోతే తినకుండా పోతాను."

ఆమెకి కోపం వచ్చింది. గరిటె తిరగేసి అడుగంతా ఒక్క ఊపులో గీకింది. చక్రం లేచింది, ఆ రోజు మరీ ఎర్రగా, మరీ మందంగా ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి ఆయన పళ్ళెంలో పెట్టింది. నడిమి అన్నం లేదు, రసం లేదు.

"మీదే. తినండి."

షొమారి బకెట్టు మీద కూర్చున్నాడు. విరిచాడు. నోట్లో పెట్టుకున్నాడు. అందరూ చూస్తున్నారు కాబట్టి బుగ్గలో నానబెట్టే వీల్లేదు, కోళ్ళకి జారవిడిచే వీల్లేదు. ఎడమ దవడతో నమిలాడు. ముక్క పళ్ళు లేని వైపుకి జారి, చిగుళ్ళ మీద మాడు అంచు గుచ్చుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పచ్చిమిర్చి" అన్నాడు.

"ఇంకా వెయ్యలేదు" అంది ఆమె.

కోండో చిక్కుళ్ళ రసం గిన్నె మెల్లగా ఆయన మోకాలి దగ్గరికి జరిపాడు. షొమారికి వాడి మీద ఉన్న కోపమంతా కలిపినా, ఆ గిన్నె జరిపినందుకు వచ్చినంత కోపం లేదు. అయినా ముక్క ముంచాడు.

సివేమా వాళ్ళమ్మ ఆయన ముందు గొంతుకు కూర్చుంది. మిగతావాళ్ళకి వినపడకుండా అందామనే అనుకుంది కానీ, ఆమె గొంతుకి ఆ అలవాటు లేదు. "బకెట్టు చుట్టూ రోజూ ఊడుస్తాను మేస్త్రీ. కోళ్ళు తినగా మిగిలిన ముక్కలు నాకు దొరకవా? పదకొండేళ్ళు మెతుకు వదలని మనిషి ముక్కలు దాస్తున్నాడంటే ఎందుకని చూశాను. కుడివైపు రెండు పళ్ళు లేవు. అడిగితే మీరు ఈ చెట్టు కిందికి మళ్ళీ రారు. అందుకని ఊరుకుని నడిమి అన్నం పెట్టాను. మూత తీయగానే, ఎవరికీ పెట్టకముందే తీసి పక్కన ఉంచుతున్నాను. అది మీకు కనపడలేదు. వాడి పళ్ళెం మాత్రం కనపడింది."

షొమారి ముక్క మింగాడు. తప్పు తెలిసిన మనిషి అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. ఆయన నోటికి వచ్చింది వేరు.

"అయితే వాడి పళ్ళు కూడా లెక్కపెట్టావన్నమాట."

బల్ల దగ్గర ఎవరో రసం గొంతుకి అడ్డం పడి దగ్గారు. సివేమా వాళ్ళమ్మ గరిటె ఎత్తింది, కొడుతుందేమో అనిపించింది.

"వాడు నవ్వుతాడు, అవే కనిపిస్తాయి. మీవి వెతికి చూడాల్సొచ్చింది."

షొమారి మీసం కింద ఏదో కదిలింది. నోరు తెరుచుకోకుండానే ఆపుకున్నాడు. పళ్ళెంలో మిగిలిన చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, మోకాలి మీద పెట్టి, గోడకి బద్ద ఆనించినట్టు కొలిచి విరిచాడు. ఒక ముక్క కోండో వైపు చాపాడు.

"ఇంద. ఇది నేను పెడుతున్నాను. ఆమె కాదు."

"సరే మామా."

"గుర్తుపెట్టుకో."

"ఆ ముక్క చిన్నది మేస్త్రీ" అన్నాడు మ్రిషో.

"నువ్వు నీ పళ్ళెం చూసుకో."

ఆమె లేచి వెళ్ళి, మూత కింద దాచిన నడిమి అన్నం తెచ్చి ఆయన పళ్ళెంలో పెట్టింది. ఆ రోజు కూడా దాచే ఉంచింది. షొమారి పెద్దముక్కని జేబురుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. రాత్రికి టీలో నానబెట్టుకుంటే ఎవరూ చూడరు.

ఇప్పటికీ చనికాలో అలాగే నడుస్తోంది. గిన్నె వంగగానే మాడు మేస్త్రీ పళ్ళెంలోకి వెళ్తుంది, మేస్త్రీ చేతిమీదుగా కోండోకి వెళ్తుంది. ముక్క ఎంతదో ఆ రోజు ఎవడు ఎంత నవ్వించాడన్నదాన్ని బట్టి ఉంటుంది. కోండో బాగా నవ్వించిన రోజున వాడికి గోరంత ముక్క దక్కుతుంది. వాడు దాన్ని పైకెత్తి వెలుతురులో చూసి, "వానకి ఇది చాలదు మామా, చినుకులు మాత్రం పడతాయి" అంటాడు. ఆమె నవ్వుతుంది. షొమారి మర్నాడు ఇంకా చిన్న ముక్క విరుస్తాడు.